విస్కీ మిగిల్చిన పిప్పి... చీజ్‌కు రుచి!

గానుగ చెక్కను గేదెకు పెట్టడం, బియ్యం కడిగిన నీళ్లను కుడితి గోలెంలో పోయడం మన పల్లెల్లో ఎవరికీ నేర్పక్కర్లేదు. స్కాట్లాండ్‌లోని ఓ చిన్న దీవిలోనూ ఇదే పద్ధతి. కాకపోతే అక్కడ ఆవుల ముందుకు వెళ్లేది విస్కీ తయారీలో మిగిలిన బార్లీ పిప్పి. ఆ బార్లీతో చేసిన విస్కీ, ఆ ఆవుల పాలతో చేసిన చీజ్‌... రెండూ చివరికి ఒకే పళ్లెంలో కలుసుకుంటాయి. ఆ కథేంటో చూద్దామా!

స్కాట్లాండ్‌ పడమటి తీరంలో ఓబన్‌ అనే రేవుపట్టణం ఉంది. అక్కడ ఓడ ఎక్కితే దాదాపు ముప్పావుగంటలో మల్‌ దీవి చేరుకోవచ్చు. విస్తీర్ణం 875 చదరపు కిలోమీటర్లు. జనాభా మాత్రం మూడువేలకు అటూఇటూ. అంటే, మనదగ్గర ఓ మోస్తరు పంచాయతీలో ఉండేంతమంది! కొండలు, గొర్రెలు, సముద్రపు గద్దలు, ఒక్క బండి మాత్రమే పట్టే సన్నటి రోడ్లు... దీవంతా ఇవే. ఎదురుగా ఇంకో బండి వస్తే, దగ్గర్లో దారిచ్చేందుకు వెడల్పు చేసిన చోటు ఎవరికి ఉంటే వాళ్లు ఆగాలి. రెండోవాళ్లు వెళ్తూవెళ్తూ చెయ్యెత్తి కృతజ్ఞత చెబుతారు. అక్కడ అదో మర్యాద.

ఓడ దిగే క్రెగ్న్యూర్‌ నుంచి ఉత్తరంగా 34 కిలోమీటర్లు వెళ్తే టోబర్‌మోరీ. గేలిక్‌ భాషలో ఆ పేరుకు 'మేరీ బావి' అని అర్థం. 1788లో చేపల రేవుగా కట్టిన ఈ ఊళ్లో సముద్రానికి ఎదురుగా ఇళ్లన్నీ వరసగా ఉంటాయి. ఒకటి ఎరుపు, ఒకటి పసుపు, పక్కది నీలం... పిల్లల రంగుపెన్సిళ్ల డబ్బా తెరిచినట్టే! 2002లో బీబీసీ మొదలుపెట్టిన 'బాలమోరీ' అనే పిల్లల కార్యక్రమాన్ని ఇక్కడే తీశారు. దాంతో బ్రిటన్‌లో అప్పటి బుజ్జాయిలందరికీ ఈ ఇళ్లు తెలుసు. ఆ ఇళ్ల వరస చివర, కొండ అంచున ఉన్న పాత రాతి కట్టడమే టోబర్‌మోరీ డిస్టిలరీ. పుట్టింది 1798లో. ఊరు దాటి కాస్త ముందుకెళ్తే స్గ్రీబ్‌ రూవా అనే పాడి క్షేత్రం. మన కథంతా ఈ రెంటి మధ్యే నడుస్తుంది.

రాగి మాల్ట్‌ లాంటిదే!

రాగులు నానబెట్టి, మొలకలొచ్చాక ఎండబెట్టి, వేయించి పిండి పట్టిస్తే రాగి మాల్ట్‌. స్కాచ్‌ విస్కీకీ మొదటి అడుగు అదే. బార్లీని నానబెట్టి మొలకెత్తిస్తారు. గింజలోని పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చే ఎంజైమ్‌లు మొలకతో మేల్కొంటాయి. ఇక మొలక పెరగకుండా వేడిగాలితో ఆరబెడతారు. ఆ వేడికోసం పీట్‌ అనే బురదనేల బొగ్గును కాలిస్తే గింజకు పొగవాసన పడుతుంది. కాల్చకపోతే లేదు. టోబర్‌మోరీలో రెండు రకాలూ చేస్తారు. పొగవాసన లేనిదానికి ఊరి పేరే పెట్టారు. పొగ దట్టంగా ఉండేదాన్ని లెడ్‌చిగ్‌ అంటారు.

ఆరిన బార్లీని నలగ్గొట్టి వేడినీళ్లలో కలిపితే తియ్యటి రసం దిగుతుంది. ఆ రసాన్ని వడకట్టి తీసుకుపోయి ఈస్టుతో పులియబెడతారు. తర్వాత రాగి బట్టీల్లో రెండుసార్లు కాచి, ఓక్‌ పీపాల్లో కనీసం మూడేళ్లు మాగబెడితేనే చట్టం ప్రకారం దాన్ని స్కాచ్‌ అనాలి. మరి రసం పోగా అడుగున మిగిలిన పిప్పి సంగతి? దాన్ని అక్కడివాళ్లు 'డ్రాఫ్‌' అంటారు. చక్కెర పోయినా మాంసకృత్తులు, పీచు అందులోనే ఉంటాయి. పశువులకు అంతకంటే ఏం కావాలి!

ఇక్కడే చాలామందికి ఓ అనుమానం... 'ఆ పిప్పి తింటే ఆవులు తూలవూ?' అని. తూలవు. పులియబెట్టడానికి ముందే పిప్పిని వేరుచేస్తారు కాబట్టి అందులో మత్తు ఉండదు. తియ్యటి గంజివాసన మాత్రం ఉంటుంది. హైదరాబాద్‌ చుట్టుపక్కల బీరు ఫ్యాక్టరీల్లో మిగిలే బార్లీ పిప్పిని పాడి రైతులు తీసుకెళ్లి గేదెలకు పెట్టడం ఎప్పట్నుంచో ఉన్నదే. అక్కడా అదే లెక్క.

సోమర్సెట్‌ నుంచి వచ్చిన విద్య

చెడ్డార్‌... ప్రపంచమంతా తినే ఈ చీజ్‌ పేరు నిజానికి ఓ ఊరిది. ఆ ఊరుండేది దక్షిణ ఇంగ్లండ్‌లోని సోమర్సెట్‌ ప్రాంతంలో. అక్కడివాళ్లయిన జెఫ్‌, క్రిస్‌ రీడ్‌ దంపతులు 1980ల మొదట్లో పిల్లల్ని, ఆవుల్ని వెంటబెట్టుకుని మల్‌ దీవికి వచ్చారు. శిథిలమైపోయిన స్గ్రీబ్‌ రూవా క్షేత్రాన్ని బాగుచేసుకుని పాడి పెట్టారు. మొదట అమ్మింది పాలే. కానీ దీవి చిన్నది. వేసవిలో పర్యటకులు వస్తే పాలన్నీ చెల్లుతాయి, చలికాలంలో తాగేవాళ్లుండరు. పాలు ఆగవు కదా! మిగిలిన పాలను నిల్వ ఉంచాలంటే పాతకాలం నుంచీ ఉన్న దారి ఒక్కటే... చీజ్‌. పుట్టినూరి విద్య అలా పనికొచ్చింది.

మేత ఇంకో చిక్కు. వర్షాలకు లోటులేదుగానీ పచ్చిక బలంగా పెరిగే కాలం తక్కువ. ప్రధాన భూభాగం నుంచి దాణా తెప్పించాలంటే ఓడ కిరాయి కలుపుకోవాలి. ఊళ్లోనే డిస్టిలరీ ఉంది, అందులో పిప్పి ఉంది. ఇంకేం... ఆవుల దాణా కుదిరింది!

దాని ప్రభావం చీజ్‌లో కనిపిస్తుందంటారు తిన్నవాళ్లు. పచ్చగడ్డి మేసిన ఆవుపాలలో కెరోటిన్‌ ఎక్కువ. అందుకే వాటితో చేసిన చీజ్‌ పసుపుగా ఉంటుంది. పిప్పి ఎక్కువగా తిన్న ఆవుల పాలలో అది తక్కువ కాబట్టి మల్‌ చెడ్డార్‌ చలికాలంలో దాదాపు తెల్లగా, దంతం రంగులో ఉంటుంది. రుచి మాత్రం మెత్తటిది కాదు. నాలుక మీద చురుక్కుమంటుంది, కాస్త పులిసిన పండు, కాస్త మాంసపు రసం గుర్తుకొస్తాయి.

తయారీలో అట్టహాసం లేదు. పొద్దున పితికిన పాలు కాచకుండానే తొట్టిలోకి వెళ్తాయి. మనం తోడుపెట్టినట్టే తోడుపెట్టి, రెన్నెట్‌ కలిపి విరగనిస్తారు. గడ్డను కోసి, తేట దించి, ముక్కల్ని ఒకదానిమీద ఒకటి పేర్చి తిప్పుతూ ఉంటారు. ఈ పేర్పుడే చెడ్డార్‌ ప్రత్యేకత. ఆ తర్వాత ఉప్పు కలిపి, అచ్చుల్లో నొక్కి, గుడ్డ చుట్టి ఏడాదికి పైగా చల్లటి గదిలో ఉంచుతారు. కిలో చీజ్‌కు సుమారు పది లీటర్ల పాలు కావాలి. పాలు కాచరు కాబట్టి శుభ్రత విషయంలో ఏ చిన్న తేడా వచ్చినా ఏడాది శ్రమా మట్టిపాలే. పచ్చిపాల చీజ్‌ చేసేవాళ్లకు ఇదే నిత్యం మెడమీద కత్తి. గర్భిణులు, పసిపిల్లలు దానికి దూరంగా ఉండాలనేది వైద్యుల మాట.

విస్కీ గోదాములో చీజ్‌ గడ్డలు

డిస్టిలరీ కథ కూడా సాఫీగా ఏం సాగలేదు. 1930లో మూతపడి, 1972 దాకా తలుపులు తెరవలేదు. తెరిచాక మూడేళ్లకే దివాలా. చేతులు మారి కొన్నాళ్లు నడిచి, 1980ల్లో మళ్లీ మూత. అప్పటి యజమానులు గోదాముల్లో కొంత భాగాన్ని ఇళ్లుగా మార్చి అమ్మేశారు. ఇంకొంత భాగం దేనికి వాడారో తెలుసా? చీజ్‌ మాగబెట్టడానికి! పీపాలు దొర్లిన చోట చీజ్‌ గడ్డలు వరసకట్టాయన్నమాట. 1993లో బర్న్‌ స్టీవర్ట్‌ సంస్థ కొన్నాక పరిస్థితి కుదుటపడింది. కానీ గోదాముల స్థలం తిరిగిరాదుగా... అందుకే ఇక్కడ కాచిన విస్కీలో చాలాభాగం దీవి దాటి వెళ్లి వేరేచోట మాగుతుంది. మరమ్మతుల కోసం 2017లో ఇంకోసారి ఆపి, 2019లో మళ్లీ మొదలుపెట్టారు.

ఈ చరిత్ర చెప్పేదొకటే. బట్టీ ఆగితే పిప్పీ ఆగుతుంది. పిప్పి ఆగితే పాడి రైతు మళ్లీ ఓడవైపు చూడాలి. ఆ ఓడల్లో పాతది 'ఐల్‌ ఆఫ్‌ మల్‌' 1988 నుంచీ తిరుగుతోంది. గాలివాన వచ్చినా, ఇంజిన్‌ మొరాయించినా దీవికి దాణా రాదు, దీవి నుంచి చీజ్‌ పోదు. అందుకే అక్కడ ఏదీ పారెయ్యరు. చీజ్‌ చెయ్యగా మిగిలిన తేటను కూడా! ఆ తేటలోని పాల చక్కెరను పులియబెట్టి, బట్టీ పట్టి స్పిరిట్‌ తియ్యడం కూడా ఆ క్షేత్రంలో మొదలుపెట్టారు. బార్లీ నుంచి విస్కీ, పిప్పి నుంచి పాలు, పాల నుంచి చీజ్‌, చీజ్‌ తేట నుంచి మళ్లీ బట్టీ... చక్రం పూర్తయింది!

విందుకు ముందు ఓ ముద్ద

విస్కీ పక్కన చీజ్‌ పెట్టడం ఇప్పటి హోటళ్లు కనిపెట్టిన ఫ్యాషనేం కాదు. స్కాట్లాండ్‌ కొండప్రాంతాల్లో పాట, నాచు సాగే రాత్రి విందును 'కేలీ' అంటారు. దానికి వెళ్లేముందు 'క్రౌడీ' తినడం పాత అలవాటు. పులిసిన పాలను వెచ్చజేసి, విరిగాక గుడ్డలో కట్టి వేలాడదీస్తే వచ్చేదే క్రౌడీ. రుచి మన గట్టి పెరుగుకూ పనీర్‌కూ మధ్యస్తంగా ఉంటుంది. దానికి మీగడ కలిపి ఓట్స్‌ రొట్టెముక్క మీద పెట్టుకుని తింటే విస్కీ తలకెక్కదని నమ్మకం. ఇందులో సగం నిజం. కొవ్వు, మాంసకృత్తులు ఉన్న ఆహారం పొట్టలో ఉంటే మద్యం రక్తంలో కలవడం నెమ్మదిస్తుంది. అంతేగానీ తాగింది ఎక్కడికీ పోదు!

రుచికీ ఓ కారణం ఉంది. విస్కీలోని ఘాటు నోట్లో మంట పుట్టిస్తుంది. చీజ్‌ కొవ్వు నాలుకమీద పొరలా పరుచుకుని ఆ మంటను తగ్గిస్తుంది. అప్పుడు పీపా నుంచి వచ్చిన వెనిలా, ఎండుపండు, పొగ వాసనలు బయటపడతాయి. పొగవాసన విస్కీకి నీలి చీజ్‌, షెర్రీ పీపాలో మాగినదానికి పాత చెడ్డార్‌, తేలికపాటిదానికి మెత్తటి తెల్ల చీజ్‌ జోడీ కుదురుతాయని వండేవాళ్ల అనుభవం.

చేసి చూద్దామా!

ఓట్‌ కేక్‌: పేరుకు కేకే అయినా ఇది జొన్నరొట్టెకు చుట్టం. పావుకిలో ఓట్స్‌ను బరకగా పొడిచేసి చిటికెడు ఉప్పు, చెంచా కరిగిన వెన్న వెయ్యాలి. కాగిన నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ ముద్ద చెయ్యాలి. గోధుమపిండిలా సాగే గుణం దీనికుండదు. అందుకే వేడినీళ్లు, అందుకే అంచులు పగలడం... జొన్నరొట్టెలో లాగానే! పల్చగా వత్తి, చిన్న బిళ్లలుగా కోసి పెనంమీద సన్నటి సెగన కరకరలాడేదాకా కాల్చాలి. ఓవెన్‌లో అయితే 180 డిగ్రీల దగ్గర ఇరవై నిమిషాలు. మిగతావన్నీ దీనిమీదే వడ్డిస్తారు.

గిన్నె చీజ్‌: కోరిన చెడ్డార్‌ పావుకిలో, మెత్తబడిన వెన్న 75 గ్రాములు, విస్కీ రెండు చెంచాలు, ఆవపొడి అరచెంచా, మిరియాలపొడి, కాస్త జాజికాయ పొడి... అన్నీ కలిపి మెత్తగా మెదపాలి. చిన్న గిన్నెలోకి గాలి దూరకుండా నొక్కి, పైన కరిగిన వెన్న పోసి ఫ్రిజ్‌లో పెట్టాలి. మర్నాటికి రుచి పట్టుకుంటుంది. తినడానికి అరగంట ముందు బయటపెడితే రాయడానికి వీలుగా ఉంటుంది. ఎండిపోయిన చీజ్‌ ముక్కల్ని పారెయ్యకుండా వాడుకోవడానికి బ్రిటన్‌ ఇల్లాళ్లు పట్టిన ఉపాయమిది.

రేర్‌బిట్‌: బాణలిలో 25 గ్రాముల వెన్న కరిగించి, అంతే మైదా వేసి పచ్చివాసన పోయేదాకా వేయించాలి. ముప్పావు కప్పు పాలు పోసి ఉండకట్టకుండా కలిపి, చిక్కబడ్డాక మంట తగ్గించాలి. కోరిన చీజ్‌ 200 గ్రాములు, ఆవపొడి, చెంచా విస్కీ వేసి కరగ్గానే దించాలి. కాల్చిన బ్రెడ్‌ మీద మందంగా రాసి, పైన ఎర్రబడేదాకా గ్రిల్‌ చేసి నిలువు ముక్కలుగా కోస్తే సరి. ఇక్కడో జాగ్రత్త. చీజ్‌ పడ్డాక మరగనిస్తే అందులోని మాంసకృత్తులు ముడుచుకుని నూనె వదిలేస్తాయి, మిశ్రమం ఇసుకలా అవుతుంది. మైదా ఉంటే కొంత కాపాడుతుందిగానీ పూర్తిగా కాదు.

క్రౌడీ ఉండలు: క్రౌడీ దొరక్కపోతే ఓ రాత్రంతా గుడ్డలో వేలాడదీసిన గట్టి పెరుగు చాలు. ఉప్పు కలిపి ఉసిరికాయంత ఉండలు చేసి, వేయించిన ఓట్స్‌లో సగం, కచ్చాపచ్చాగా దంచిన మిరియాల్లో సగం దొర్లించాలి. రెండు చెంచాల తేనెలో చెంచా విస్కీ కలిపి పైన చిలకరిస్తారు.

పిల్లలున్న ఇంట్లో ఎలా?

'వండితే మద్యం ఆవిరైపోతుందిగా' అనేది చాలామంది ధీమా. అమెరికా వ్యవసాయశాఖ లెక్కలు మాత్రం వేరేమాట చెబుతున్నాయి. మరుగుతున్న వంటకంలో కలిపి వెంటనే దించేస్తే 85 శాతం అందులోనే ఉంటుంది. మంట అంటించి చూపించే వంటల్లోనూ 75 శాతం మిగులుతుంది. పావుగంట ఉడికిస్తే 40 శాతం, గంట ఉడికిస్తే 25 శాతం, రెండున్నర గంటలకు 5 శాతం. అంటే గిన్నె చీజ్‌లో పోసిందంతా పోసినట్టే ఉంటుంది. రేర్‌బిట్‌లోనూ చాలావరకు అంతే. కాబట్టి పిల్లలకు, గర్భిణులకు, మద్యం ముట్టనివారికి విడిగా చెయ్యాల్సిందే. విస్కీ బదులు ఆపిల్‌ రసం, రెండు చుక్కలు నిమ్మరసం వేస్తే తీపీ పులుపూ కుదురుతాయి. పొగరుచి కావాలంటే కాస్త పొగబెట్టిన మిరపపొడి చాలు. శాకాహారులు ఇంకోటి గమనించాలి... కొన్ని విదేశీ చీజ్‌లలో వాడే రెన్నెట్‌ దూడ పొట్టనుంచి తీసింది. చీటీ చదివి కొనడం మంచిది.

మన సీసాకీ ఆ దీవికీ...

ఇదంతా ఎక్కడో సముద్రం మధ్య జరిగే సంగతి అనుకోవడానికీ లేదు. సీసాల లెక్కన స్కాచ్‌ను ఎక్కువగా దిగుమతి చేసుకున్న దేశంగా 2022లో ఫ్రాన్స్‌ను దాటి భారతదేశం మొదటి స్థానంలోకి వచ్చింది. ఆ ఏడాది వచ్చిన సీసాలు 21.9 కోట్లు! 2025 జులైలో కుదిరిన భారత్‌-బ్రిటన్‌ వాణిజ్య ఒప్పందంలో విస్కీమీద 150 శాతం సుంకాన్ని మొదట 75 శాతానికి, పదేళ్లలో 40 శాతానికి తగ్గించాలని రాసుకున్నారు. పెద్ద కంపెనీల లెక్కలు పెద్దవాళ్లవి. కానీ ఎక్కడి గిరాకీ అయినా ఓ మారుమూల బట్టీని ఆరకుండా ఉంచితే, దానిపక్కనే ఉన్న పశువుల కొట్టంలో తొట్టి నిండుతుంది.

వెళ్లాలనుకునేవాళ్లకు మే నుంచి సెప్టెంబరు మధ్య కాలం అనువు. గ్లాస్గో నుంచి ఓబన్‌కు రైల్లో మూడు గంటల పైచిలుకు ప్రయాణం. దారి పొడవునా సరస్సులూ కొండలే. వేసవిలో కారుతో ఓడ ఎక్కాలంటే ముందే టికెట్‌ తీసుకోవాలి. సాయంత్రాలు 'మిడ్జ్‌' అనే నలక పురుగులు ముసురుకుంటాయి, నిండుచేతుల చొక్కా మర్చిపోకూడదు. టోబర్‌మోరీ రేవులో 1588లో ఓ స్పెయిన్‌ ఓడ మునిగిందనీ, అందులో బంగారం ఉందనీ చెబుతారు. వందల ఏళ్లుగా వెతికినవాళ్లకు చెప్పుకోదగ్గ నిధి దొరకలేదు. ఆ ఊరికి నిలకడగా తిండి పెడుతున్న సొత్తు మాత్రం నీళ్లడుగున లేదు... బట్టీ అడుగున మిగిలిన పిప్పిలో ఉంది!